మిరపకాయల తేమ కొలవడానికి మార్టూరు దాకా

ఒక సంతకం పెట్టడానికి అంత దూరం వెళ్ళక్కర్లేదు. కానీ మా డైరెక్టరు గారు పద్ధతి మనిషి. "ఒకసారి కళ్ళారా చూసొచ్చి పెట్టండమ్మా, రేపెవరూ మనల్ని మాట అనకుండా ఉంటుంది" అన్నారు. అందుకని ఫిబ్రవరి ఆఖర్లో ఒక గురువారం పొద్దున ఆరింటికల్లా సికింద్రాబాదు స్టేషన్లో నిలబడ్డాను. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో తేమ కొలిచే మీటరు పెట్టె. సంచీలో రెండు చీరలు, పులిహోర డబ్బా, టైపు కొట్టిన ఒక ఉత్తరం ఉన్నాయి. ఆ ఉత్తరానికి నా సంతకం ఒక్కటే తక్కువ.

సంగతేమిటో ముందే చెప్పేస్తాను. నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక పైనుంచి మాకు ఒకటే పాట. మీరు కనిపెట్టినవి అల్మారాల్లో దాచుకోకండి, పరిశ్రమలతో చెయ్యి కలపండి, జనంలోకి పంపండి అని. మంచి మాటే, నాకేం అభ్యంతరం లేదు. మేం మిరపకాయలు ఆరబెట్టే యంత్రం ఒకటి తయారుచేశాం. కాయని కల్లంలో నేల మీద పోసి పదిహేను రోజులు ఎండబెడతారు కదా, మధ్యలో ఒక్క వాన పడిందా, బూజు పట్టేస్తుంది. ఆ బూజులో విషం పుడుతుంది, ఓడెక్కిన సరుకు వెనక్కొచ్చేస్తుంది. మా యంత్రానికి వాన బాధ లేదు. కింద పొయ్యిలో పత్తికట్టె మండిస్తే వేడిగాలి రేకు అరల్లోంచి పైకి పోతుంది, రెండు రోజుల్లో కాయ ఆరుతుంది. లెక్కలన్నీ మా ల్యాబువి. ఎంతవరకు ఆరాలన్న అంకె మాత్రం నాది. ఎనిమిది శాతం తేమ. పదకొండు దాకా ఉన్నా బూజు రాదని తెలుసు గానీ, ఎనిమిదైతే నిక్కచ్చిగా ఉంటుందని నేనే పట్టుబట్టి రాయించాను. యంత్రం చేసి అమ్మే హక్కు ఒప్పందం మీద గుంటూరులో ఒక వర్కుషాపుకి ఇచ్చాం. దాని యజమాని పేరు మస్తాన్ వలి.

పోయిన సీజన్లో మార్టూరు దగ్గర ఒక రైతు కల్లంలో మొదటి యంత్రం పెట్టించాం. అందులో ఆరిన కాయని గోతాలకెత్తి కోల్డ్ స్టోరేజీలో ఉంచారు. ఆ గోతాలనే అక్కడ టిక్కీలంటారు. జనవరిలో టిక్కీలు విప్పి చూస్తే నడిమధ్య బూజు! మా కమిటీ అరగంటలో తేల్చేసింది. డిజైను మనది కాబట్టి అది తప్పయ్యే వీలు లేదు, కనక తప్పు తయారీలో ఉంది, వలి పల్చటి రేకు వేసి ఉంటాడు, ఒప్పందం రద్దు చెయ్యాలి. ఆ రద్దు ఉత్తరమే నా సంచీలో ఉన్నది. సోమవారం మళ్ళీ కమిటీ.

నేనూ అదే నమ్మాను. నాకు కోపం ముక్కు మీదుంటుందని ఇంట్లోవాళ్ళూ అంటారు, ఆఫీసువాళ్ళూ అంటారు. రెండేళ్ళ నా పనిని ఒక రేకుల షాపువాడు నాశనం చేశాడే అన్న ఉక్రోషంతో బండెక్కాను.

నల్గొండ దాటేదాకా కునుకు తీశాను. మిర్యాలగూడలో టీ తాగాను. విష్ణుపురం తర్వాత కృష్ణ వంతెన వచ్చింది, నీళ్ళు బాగా లోపలికెళ్ళిపోయి రాళ్ళు కనిపిస్తున్నాయి. నడికుడి దగ్గరకొచ్చేసరికి దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు, పట్టాల పక్క తుమ్మచెట్ల మీద బూడిద రంగు దుమ్ము. ఎదురు సీట్లో సత్తెనపల్లి ఆయన ఒకరు కూర్చున్నారు. పురుగుమందుల కొట్టట. నా పెట్టె చూసి, "ఏవిటండీ అది, బీపీ చూసేదా?" అన్నారు.

"మిరపకాయల్లో తేమ చూసేదండీ."

"దానికి మిషనెందుకండీ! గుప్పిట్లోకి తీసుకుంటే తెలీదూ?" అని ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. చదువుకోనివాళ్ళందరూ ఇలాగే అంటారనుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

సత్తెనపల్లి దాటాక రెండు పక్కలా ఎర్రటి కల్లాలు మొదలయ్యాయి. పత్తి చేలల్లో ఏరడం అయిపోయి కట్టె పీకుతున్నారు. నల్లపాడులో బండి ఆగగానే బోగీ అంతా ఒకటే తుమ్ములు. గుంటూరు మిర్చి యార్డు గాలి అటునుంచి కొడుతోందన్నమాట. చంటిబిడ్డ తల్లి ఒకామె కొంగు బిడ్డ మొహానికి అడ్డం పెట్టి, "గుంటూరొచ్చేసిందని ముక్కే చెబుతుంది" అంది. గుంటూరులో దిగేసరికి పన్నెండున్నర. బస్టాండు ఎదుట లాడ్జిలో గది తీసుకుని, పక్క మెస్సులో పాతిక రూపాయల భోజనం చేశాను. గోంగూర, దోసకాయ పప్పు, గడ్డ పెరుగు. అటు వెళ్ళేవాళ్ళకి ఆ మెస్సు భోజనానికి ఏ లోటూ ఉండదని చెప్పగలను. ఆ రోజు మాత్రం నాకు రుచి తెలియలేదు.

మూడింటికి రిక్షా కట్టించుకుని వర్కుషాపుకి వెళ్ళాను. పొడుగాటి రేకుల షెడ్డు. ఎనిమిదిమంది పనివాళ్ళు రేకు మీద సుత్తులతో కొడుతుంటే చెవులు గింగుర్లెత్తుతున్నాయి. వలి గారికి యాభై అయిదేళ్ళుంటాయి. నెరిసిన గడ్డం, ఒక పక్క దారంతో కట్టుకున్న కళ్ళజోడు. నన్ను చూడగానే చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి, "రండి మేడమ్ గారూ, ఎండలో వచ్చారు, ముందు మజ్జిగ తాగండి" అన్నారు.

"మజ్జిగ తర్వాత. రేకు చూపించండి" అన్నాను.

షెడ్డులో ఆరు యంత్రాలు సగం సగం తయారై నిలబడి ఉన్నాయి. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఆయనది పొగాకు ఆరబెట్టే బ్యారన్లకి గొట్టాలు చేసే పని. మా ఒప్పందం కుదిరాక ఆ పని వేరేవాళ్ళకి వదిలేసి, మనుషులందరినీ ఈ యంత్రాల మీద పెట్టుకున్నారు. "ఆరూ రైతులు చెప్పుకున్నవే మేడమ్ గారూ. మీ కాయితం రద్దయితే ఇవి పాత ఇనుపసామాను కింద పోవాలి. గొట్టాల పని మళ్ళీ నా దగ్గరికి రాదు, వేరేవాళ్ళకి అలవాటైపోయింది" అన్నారు. గొంతు పెంచలేదు. రద్దు సంగతి ఆయన చెవిన అప్పటికే పడిందన్నమాట.

నేను స్క్రూగేజి తీసి ఒక్కొక్క రేకూ కొలిచాను. మేం రాసిచ్చిన మందం కన్నా ఒక వీసం ఎక్కువే ఉంది. అతుకులు చూశాను, గాలిపంకా రెక్కలు చూశాను. వంక పెట్టడానికి ఒక్కటి లేదు. చెప్పొద్దూ, నా కోపం తగ్గలేదు సరికదా, తప్పు దొరకనందుకు ఇంకాస్త పెరిగింది. ఇక్కడ బాగానే చేసి అక్కడ రైతు దగ్గర బిగించడంలో ఏదో చేసుంటాడనుకున్నాను.

"రేపు పొద్దున్నే కల్లానికి పోదాం. యంత్రం నడుస్తోందిగా?" అన్నాను.

"నడుస్తోంది మేడమ్ గారూ. కానీ ఒక్క మాట. రేపు యంత్రంతో పాటు, టిక్కీ కట్టేటప్పుడు కూడా మీరు కాసేపు దగ్గరుండి చూస్తే..."

"టిక్కీలు కట్టడం నా పని కాదండీ. నేను యంత్రం చూడ్డానికొచ్చాను."

ఆయన మజ్జిగ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చారు.

శుక్రవారం అయిదున్నరకి బస్సు. వలి గారు నాకన్నా ముందే వచ్చి, కిటికీ పక్క సీట్లో తువ్వాలు వేసి ఉంచారు. హైవేని అప్పుడు నాలుగు వరసలు చేస్తున్నారు, దారంతా తవ్వకాలు, ఎగుడుదిగుళ్ళు. చిలకలూరిపేటలో పది నిమిషాలు ఆగితే కిందకి దిగి ఇడ్లీ తిన్నాం. వలి గారు టీతో సరిపెట్టుకున్నారు. "ఇవాళ జుమ్మా. మధ్యాహ్నం ఒంటిగంటకి తిరిగి ఈ పేటలో ఉంటే చాలు, నమాజు చేసుకుంటాను" అన్నారు. సరేనన్నాను. మార్టూరులో ఏడున్నరకి దిగి, ఆటోలో అయిదారు కిలోమీటర్లు లోపలికి వెళ్ళాం. నల్లరేగడి, ఆటో చక్రాల వెనక నల్లటి దుమ్ము.

రైతు కోటేశ్వరరావు గారు చేలోనే ఉన్నారు. ఆయన గొంతు పొలం అవతలి గట్టుక్కూడా వినిపిస్తుంది. "ఏరా వలీ, ఇప్పుడా రావడం! కొలుస్తానంటూ మీ ఆఫీసరమ్మ వస్తుందని తెల్లారుజాము నుంచీ కాచుక్కూచున్నా!" అని, నన్ను చూసి గొంతు తగ్గించి, "రండమ్మా, రండి" అన్నారు. ఆయనా వలి గారూ ఒకే ఈడువాళ్ళు. పాతికేళ్ళుగా ఆయన పొగాకు బ్యారన్‌కి గొట్టాలు వేసింది వలి గారేనట.

యంత్రానికి రెండు గదులు. ఒక గదిలో కాయ ఆరిపోయిందని తెల్లవారుజామున తీసి పట్టా మీద కుప్ప పోశారు. రెండో గది ఇంకా నడుస్తోంది. నేను కుప్పలోంచి అయిదు చోట్ల కాయ తీసి మీటర్లో పెట్టాను. అయిదు చోట్లా ఎనిమిది. ఒక్క చుక్క అటూ ఇటూ లేదు. యంత్రం మేం గీసిచ్చిన బొమ్మలాగే పనిచేస్తోంది. మరి బూజు ఎక్కణ్ణుంచొచ్చినట్టు?

అప్పుడే టిక్కీలు కట్టే ముఠా వచ్చింది. ఆరుగురు ఆడవాళ్ళు, గోతంలోకి దిగి కాయ తొక్కే మనిషి ఒకడు. అందరూ ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. ముఠా పెద్ద పేరు నాగేంద్రం. నలభై అయిదేళ్ళ మనిషి, బక్కపల్చగా ఉంది. అరచేతులకి ఆముదం రాసుకుంటూ నా చేతులకేసి చూసి, "మీరూ రాసుకోండమ్మా, లేకపోతే సాయంత్రానికి మంటెత్తిపోతాయి" అని సీసా ఇచ్చింది. రాసుకున్నాను. ఇంతలో ఆమె బకెట్టు నీళ్ళు తెచ్చి, వేపమండ ముంచి, పేరంటంలో పన్నీరు చల్లినట్టు కుప్ప మీద చల్లడం మొదలుపెట్టింది. ఒకసారి కాదు. ముంచుతోంది, చల్లుతోంది, కాయని తిరగేస్తోంది, మళ్ళీ చల్లుతోంది.

"ఆగు! ఏం చేస్తున్నావ్! ఎవరు చల్లమన్నారు నిన్ను?" అని గావుకేక పెట్టాను. మండ చేతిలో అలాగే పట్టుకుని ఆగిపోయింది. ముఠా అంతా నాకేసి చూసింది.

నిన్న కట్టిన టిక్కీ ఒకటి పక్కనే ఉంది. కుట్టు విప్పించి మోచేతిదాకా చెయ్యి పెట్టాను. పైన గలగలలాడుతోంది గానీ లోపల మెత్తగా, చెమట పట్టినట్టుంది. మీటరు పదిహేను దాటింది. ఇంకేముంది, నెలల తరబడి చల్లటి గదిలో కూచుంటే బూజు రాక చస్తుందా! దొరికింది దొంగ అనుకున్నాను.

"రెండు రోజులు కట్టె కాల్చి ఆరబెట్టిందాన్ని నీళ్ళు పోసి తడుపుతారా? మతి ఉందా మీకు?" అన్నాను.

నాగేంద్రం బకెట్టు కింద పెట్టింది. కుప్పలోంచి తడవని కాయలు నాలుగు తీసి, నా మొహం ముందర గుప్పిట బిగించి తెరిచింది. పొడి. గింజలు వేళ్ళ సందుల్లోంచి రాలిపోయాయి.

"ఇదిగో తల్లీ మీ మిషను కాయ. అప్పడం. నీళ్ళు చల్లకుండా దీన్ని గోతంలో పోసి తొక్కితే ఏమవుద్ది? కాయ ముక్కలైద్ది, గింజంతా అడుక్కి దిగుద్ది. యార్డులో కొనేవాడు మొహం చూస్తాడా? అప్పుడు ఈయన నన్నంటాడు."

"మరి ఇన్నాళ్ళూ కల్లంలో ఎండిన కాయ?"

"దానికి తెల్లారుజాము మంచు తగులుద్దిగా. ఆ మంచుకే మెత్తబడుద్ది, మేం మహా అయితే రెండు మండలు చల్లుతాం. మీ పెట్టెలో కాయకి మంచెక్కడిది? అందుకే ఎక్కువ చల్లాల్సొస్తంది. మాకేమన్నా సరదానా, నీళ్ళు మోసుకురావటం?"

కాయ విరక్కుండా టిక్కీ కట్టడం వాళ్ళ పని. ఆ పని వాళ్ళు ఎప్పట్నుంచో ఉన్న పద్ధతిలోనే చేశారు. విరిగేంతగా ఎండబెట్టమన్నది ఎవరు? నేను. మా ల్యాబులో కాయని గాజుసీసాల్లో దాస్తాం, గోతంలో వేసి తొక్కం. ఎనిమిది అన్న అంకె గాజుసీసాకి సరిపోయే అంకె.

కోటేశ్వరరావు గారు పైపంచెతో మెడ తుడుచుకుంటూ, "ఇదంతా మీకు తెలిసిందే కదమ్మా. పోయిన మే నెల్లోనే వలీ మీ ఆఫీసుకి ఉత్తరం రాశాడుగా" అన్నారు.

"ఊరుకో కోటేశ్వరరావూ" అని వలి గారు గబుక్కున అడ్డొచ్చారు. "ఇప్పుడవన్నీ ఎందుకు."

"ఎందుకేంట్రా! నా అరుగు మీద కూచునే రాశావు. నాలుగు పేజీలు. ఎనిమిది వద్దు, కాస్త పచ్చిగా ఆపనివ్వండి, లేకపోతే వీళ్ళు నీళ్ళు చల్లుతారు అని. ఫోను చేస్తే ఉత్తరం అందిందన్నారని కూడా చెప్పావు."

తల కొట్టేసినట్టయింది నాకు. ఆ ఉత్తరం గుర్తొచ్చింది. వర్కుషాపు బిల్లు కాగితాల మీద, తెలుగులో, చేత్తో రాసిన ఉత్తరం. మా ఆఫీసుకి కంపెనీల నుంచి వచ్చేవన్నీ టైపు చేసిన ఇంగ్లీషు ఉత్తరాలే. ఇందులో మొదటి పేజీ అంతా మీరు క్షేమమా, మేము క్షేమం, మీ దయవల్ల పని సాగుతోంది అని ఉంది. అంతవరకే చదివాను. ఏదో మర్యాదకి రాశాడనుకుని, మూల మీద "ఫైలులో పెట్టండి" అని రాసి పక్కన పొట్టి సంతకం గీకాను. మిగతా పేజీలు తిప్పలేదు. ఇదీ నేను చేసిన ఘనకార్యం. నిన్న టిక్కీ సంగతి ఎత్తబోయినప్పుడు కూడా మాట మధ్యలోనే తుంచేశాను.

కల్లం గట్టు మీద కూచుండిపోయాను. కాసేపటికి లేచి నాగేంద్రం దగ్గరకెళ్ళి, "ఎప్పుడు ఆపితే నీళ్ళు చల్లక్కర్లేదో నువ్వు చెప్పగలవా?" అని అడిగాను.

"కాయ వంచితే వంగాల, గింజ మాత్రం గలగలమనాల. అప్పుడు ఆపాల."

రెండో గది తలుపు తీయించాను. కింది అరల్లో కాయ బాగా ఆరింది, పైకి పోయేకొద్దీ పచ్చిగా ఉంది. ఆమె ఒక్కొక్క అరలోంచి కాయ తీసి, చెవి దగ్గర ఆడించి, నడిమికి వంచి చూసి, ఒక అర దగ్గర ఆగింది. "ఇది కట్టొచ్చు." మీటరు పదిన్నర చూపించింది. ఇంకో పక్క అరలు చూపించాను. మళ్ళీ పదిన్నర. మూడోసారి మాత్రం పన్నెండు దగ్గరకొచ్చింది. "ఇదెక్కువైంది" అన్నాను. "ఆముదం చెయ్యి గదమ్మా, జారింది" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ రెండ్రోజుల్లో అదే మొదలు. పదిన్నర దగ్గర ఆపిన కాయని చుక్క నీళ్ళు లేకుండా ఒక టిక్కీ తొక్కించాం. కుట్టు విప్పి చూస్తే పిడికెడు కూడా విరగలేదు. అందులోంచి హైదరాబాదు తీసుకెళ్ళడానికని నమూనా కట్టించుకున్నాను. అప్పటికి పదకొండున్నర.

తిరుగు బస్సులో పేట ఇంకో పావుగంటలో వస్తుందనగా వలి గారు మెల్లగా మొదలుపెట్టారు. "మేడమ్ గారూ, నాకొకటి తోస్తోంది. కూలీలు తెలీక నీళ్ళు చల్లారు, అది వాడుకలో పొరపాటు అని రాసెయ్యండి. యంత్రం బాగానే ఉందని మీరే కొలిచారుగా. మీ డిజైనుకీ మాట రాదు, నా ఒప్పందమూ నిలుస్తుంది. అంకె తర్వాత మెల్లగా మార్చుకోవచ్చు."

చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. అందులో అబద్ధమేముంది? నీళ్ళు చల్లింది వాళ్ళేగా! నేను కళ్ళారా చూశాను. "చూద్దాం" అన్నాను గానీ మనసులో వాక్యాలు అప్పుడే అల్లేసుకుంటున్నాను.

పేటలో ఆయన మసీదుకి వెళ్ళారు. నేను బస్టాండులో సిమెంటు బల్ల మీద కూచున్నాను. పక్కన ఒక ముసలాయన పత్తి మిల్లులో రాత్రి డ్యూటీ చేసొచ్చి బస్సు కోసం చూస్తూ, ఒంటి మీద అంటుకున్న దూది ఏరుకుంటున్నాడు. "ఇంటికెళ్తే మనవరాలు తాతా దెయ్యంలా ఉన్నావంటదండీ" అన్నాడు. వింటున్నానే గానీ నా ధ్యాస ఒప్పందం కాగితం మీదుంది. అది నేనే దగ్గరుండి రాయించాను. మేం చెయ్యాల్సినవి ఒక వరస, కంపెనీ చెయ్యాల్సినవి ఒక వరస. రాయల్టీ, హక్కులు, పేటెంటు, అన్నీ ఉన్నాయి. కాయని గోతంలోకెత్తే మనిషి అందులో ఎక్కడా లేదు. తప్పు వెయ్యాల్సొచ్చేసరికి మాత్రం చప్పున ఆమె గుర్తొచ్చింది మా ఇద్దరికీ.

రెండింటికి వలి గారు తిరిగొచ్చారు. కూచోలేదు. టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇందాక నేనన్నమాట వదిలెయ్యండి మేడమ్ గారూ" అన్నారు.

"ఏం?"

"లోపల కూచున్నంతసేపూ అదే మెదిలింది. నమాజు సరిగ్గా సాగలేదు. మా నాన్న ఒకసారి ఒక బ్యారన్‌కి వేసిన గొట్టం కారి ఆకంతా మాడిపోయింది. అందరూ మంట వేసేవాడిదే తప్పన్నారు, వాణ్ణి పన్లోంచి తీసేశారు. కారింది గొట్టమని మా నాన్నకి తెలుసు. నోరెత్తలేదు. చచ్చిపోయేముందు కూడా ఆ మనిషి పేరే అడిగాడు, ఎక్కడున్నాడో కనుక్కోమని. నాగేంద్రం పొరపాటని మీరు రాస్తే, సరుకు కొనే గుంటూరు కంపెనీవాళ్ళు రేపే వేరే ముఠాని పెట్టమంటారు. కోటేశ్వరరావు ఏం చెయ్యగలడు? నా ఒప్పందం పోతే పోనివ్వండి."

"మరి మీ షెడ్డు, ఆ ఎనిమిదిమంది?"

"అదే నాకూ తెలీడం లేదు" అన్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం చూసి నేను మొహం తిప్పుకున్నాను. నన్ను తప్పు ఒప్పుకోమని ఆ మనిషి ఒక్క మాట అనలేదు. ఉత్తరం సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కోపమొచ్చేది, కోపంలో ఏదో ఒకటి తేలికగా అనేసేదాన్ని.

శనివారం పొద్దున ఏడింటి బండిలో సీటు దొరికింది. నల్లపాడు తుమ్ములు అయ్యాక తెల్ల కాగితాలు తీసి ఒళ్ళో పెట్టె మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. ఆఫీసుకెళ్ళి టైపు చేయిద్దామనుకుంటే మాట మెత్తబడిపోతుందని నాకు తెలుసు. అక్కడి వాక్యాల్లో ఎవరూ ఏదీ చెయ్యరు, అన్నీ వాటంతటవే "జరుగుతాయి". తిలాపాపం తలా పిడికెడు అని పంచేస్తాం. అందుకని సికింద్రాబాదు రాకముందే చేత్తో రాసి సంతకం పెట్టెయ్యాలనుకున్నాను.

మొదటి కాగితం చింపేశాను. రెండోదీ చింపేశాను. పిడుగురాళ్ళలో ఎక్కిన పెద్దావిడ ఒకరు, కొడుక్కి మాగాయ జాడీ తీసుకెళుతున్నారు, నా వాలకం చూసి అడిగారు.

"ఉత్తరమా అమ్మా?"

"కాదండీ. తప్పు ఒప్పుకునే కాయితం."

"ఎవరి తప్పు?"

"నాదే."

"అయితే గబగబా రాసెయ్యండి. అలాంటివి ఆలోచిస్తే ఆగిపోతాయి" అని, జాడీ నా పెట్టెకి తగలకుండా పక్కకి జరుపుకున్నారు.

రాశాను. యంత్రం తయారీలో లోపం లేదు. టిక్కీలు కట్టేవారి పొరపాటూ లేదు. ఎనిమిది శాతం అని నిర్ణయించింది నేను, కాయని ఎలా కడతారో అడగకుండా నిర్ణయించాను. ఇది సరికాదని మస్తాన్ వలి గారు మే నెలలో రాసిన ఉత్తరాన్ని పూర్తిగా చదవకుండా ఫైలు చేసిందీ నేనే. పదిన్నర దగ్గర ఆపాలి, ఎలా గుర్తుపట్టాలో నాగేంద్రం అనే ఆమె చూపించింది, నమూనా జత చేశాను. ఒప్పందం రద్దు చెయ్యకూడదు. కృష్ణ వంతెన మీద బండి ఊగుతుంటే సంతకం వంకర్లు పోయింది. మళ్ళీ పెట్టలేదు, అలాగే ఉంచాను.

రాసి మడిచాక భయమేసింది. పాతికేళ్ళ సర్వీసులో నా చేత్తో నా తప్పు రాసుకోవడం అదే మొదటిసారి. సోమవారం ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. డైరెక్టరు గారు రెండుసార్లు చదివి, "ఇంత రాయాల్సింది కాదమ్మా" అన్నారు. ఒప్పందం నిలిచింది. అంకె మారింది. ఆ యంత్రం పని నా దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు, అది న్యాయమే. పరిశోధనశాలా పరిశ్రమా చెయ్యి కలపడమంటే రెండు సంతకాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మూడు రోజులు తిరిగొస్తే గానీ, అవతల చెయ్యి ఏం రాసిందో చదవాలని నాకు తెలియలేదు. ఎవరైనా ఇలాంటి పని మీద అటువైపు వెళ్ళేట్టయితే ఒక పూట టిక్కీలు కట్టేచోట కూచోండి.

అంతకుముందు, ఆ శనివారం ఒంటిగంటన్నరకి సికింద్రాబాదులో దిగి, స్టేషను బయట ఎస్టీడీ బూత్ నుంచి గుంటూరు వర్కుషాపుకి ఫోను చేశాను. సుత్తుల చప్పుడులో ఆయన గొంతు సరిగ్గా వినబడలేదు. నేనే గట్టిగా అరిచాను.

"రాసేశానండీ! సంతకం కూడా పెట్టేశాను!"

"ఏమని రాశారు మేడమ్ గారూ?"

"తప్పు నాదని."

ఆయన పనివాళ్ళకి చెయ్యి ఊపి ఉంటారు, సుత్తులు ఒక్కొక్కటే ఆగాయి. లైను తెగిందేమోనని, "హలో, వలి గారూ" అన్నాను.

"ఉన్నాను మేడమ్ గారూ" అన్నారు. "అన్నం తిన్నారా?"

"లేదండీ."

"ముందు వెళ్ళి అన్నం తినండి" అన్నారాయన.